ఉల్లిపొర రంగు పెళ్ళి

“మేడమ్, థీమ్ ఏమనుకుంటున్నారు?” అని అడిగాడు ఈవెంట్ సంస్థ అబ్బాయి, టాబ్లెట్ తెరుస్తూ.

“పెళ్ళే అనుకుంటున్నామండీ,” అన్నాను.

హాస్యమాడాననుకుని నవ్వాడు. నిజానికి అప్పటికి నాకు తెలిసిన జవాబు అదొక్కటే. పక్కన కూర్చున్న మా అమ్మాయి నెమ్మదిగా నా మోచేయి గిల్లింది. పెళ్ళికూతురు తనే కాబట్టి నోరు మూసుకున్నాను.

నలభైకి పైగా ఫోటోలు చూపించాడు. రాజస్థాన్ కోట, పూలతోట, గుడి మండపం, పల్లెటూరు, లేత రంగుల పందిరి. దేని పేరు దానికుంది, దేని ధర దానికుంది. బాగున్నాయి, కాదనను. అయినా చూస్తున్నంతసేపూ ఏదో లోటు కనబడుతూనే ఉంది. అదేమిటో ఇరవయ్యో ఫోటో దగ్గర గానీ చిక్కలేదు. ఒక్క ఫోటోలోనూ మనిషి లేడు. అలంకరణ పూర్తయ్యాక, చుట్టాలు దిగకముందు తీసినవన్నీ. పీటలు ఖాళీ, కుర్చీలు ఖాళీ. జనం వస్తే పాడైపోయేటంత అందం.

రంగుల దగ్గరికి వచ్చేసరికి కథ ఇంకాస్త ముదిరింది. ఈ సంవత్సరం “డస్టీ రోజ్” బాగా నడుస్తోందని చెప్పి ఒక గుడ్డముక్క బల్ల మీద పరిచాడు. డెబ్బయ్యెనిమిదేళ్ళ మా అమ్మ, అంతవరకు కళ్ళు మూసుకుని జపం చేసుకుంటున్నదల్లా, వంగి చూసింది. “ఉల్లిపొర రంగు. మా అత్తగారికి ఇలాంటి చీర ఉండేది,” అని మళ్ళీ కళ్ళు మూసుకుంది. ఆ రాత్రి మా అమ్మ ట్రంకుపెట్టె తీశాం. ఆయన చూపించిన రంగులపట్టీ మొత్తం అందులో దొరికింది. గంధం రంగు, దంతపు రంగు, లేత చిలకపచ్చ, నీరుకావి, ఉల్లిపొర. పేర్లు మారాయంతే. అమ్మాయి ఆ చీరలన్నీ మంచం మీద వరసగా పేర్చి ఫోటో తీసుకుంది. ఈ పెళ్ళిలో నాకు మొదటిసారి సంతోషం కలిగించిన విషయం అదే.

లేత రంగుల మీద నాకు కోపం లేదు. 2017 డిసెంబరులో ఇటలీలో విరాట్ కోహ్లి, అనుష్క శర్మల పెళ్ళి జరిగింది. ఆమె కట్టుకున్న లేత గులాబీ లెహంగా ఫోటోలు దేశమంతా తిరిగాయి. ఆ తరువాత మన కల్యాణమండపాలు కూడా ఒకటొకటిగా రంగు వెలవడం మొదలుపెట్టాయి. వాళ్ళ పెళ్ళికి ఆ రంగు నప్పింది. కానీ మన పెళ్ళిలో రంగు నిర్ణయించేది దర్జీ కాదు, పసుపు. మన వధూవరులు ఒకరి నెత్తిన ఒకరు దోసిళ్ళ కొద్దీ పసుపు బియ్యం పోసుకుంటారు. అందుకే మధుపర్కాలు తెల్లని నూలుబట్ట, ఎర్రంచు. పసుపు పడేకొద్దీ అందం పెరిగే బట్ట అది. వేలు పోసి కొన్న లేత గులాబీ పట్టు మీద పసుపు పడితే మిగిలేది మరక. ఆ మరకకు భయపడి తలంబ్రాల పళ్ళెంలో బియ్యం తగ్గించి, థర్మోకోల్ గుళ్ళు కలుపుతున్నారు. కొన్నిచోట్ల గుళ్ళే ఎక్కువ, బియ్యం పేరుకు. అవి బరువుండవు, అంటవు, ఫోటోలో మంచులా కనబడతాయి. మర్నాడు ఊడ్చేవాళ్ళ చీపురుకు చిక్కకుండా ఎగిరిపోతాయి.

నలుగుకు కూడా ఇదే గతి పట్టింది. నలుగు పెట్టేరోజు పాతచీర కట్టుకొమ్మనేవాళ్ళు, ఆ మరక పోదు కాబట్టి. ఇప్పుడది “హల్దీ” అయింది. హల్దీకి అందరూ కొత్త పసుపురంగు బట్టలు కొనుక్కోవాలి. అంత కొత్త బట్టల మీద పసుపు పడితే ఎలా? అందుకని బుగ్గ మీద చుక్క పెట్టి, మిగతా సమయమంతా పూలరేకులు చల్లుకుంటున్నారు. పసుపు పండుగలో అందరూ పసుపు నుంచే తప్పించుకు తిరగడం నేను కళ్ళారా చూశాను.

ఇంత విసురుగా రాస్తున్నానంటే కారణం మా పెద్దవాడి పెళ్ళి.

2019లో చేశాం. అప్పుడు ఈ ఆలోచనలేవీ లేవు. డెకరేషన్ వాళ్ళు పెట్టిన పుస్తకంలో నేనే వేలు పెట్టి చూపించాను. అరణ్యంలాంటి పూలగోడ, దాని ముందు వెడల్పాటి స్టేజీ, పైనుంచి వేలాడే తీగలు. వచ్చినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. ముహూర్తం దగ్గరపడేసరికి వీడియోవాళ్ళు, ఫోటోవాళ్ళు, వాళ్ళ సహాయకులు కలిసి పీటల చుట్టూ కోటగోడలా నిలబడ్డారు. మా అమ్మ ఎక్కడో పన్నెండో వరసలో కూర్చుని, పక్కన పెట్టిన పెద్ద తెర మీద మనవడి పెళ్ళి చూసింది. ఆ తెర మీద అప్పుడు వధూవరులతో అంతకుముందు తీసిన సముద్రపు ఒడ్డు పాట వస్తోంది. నేను కిందకి దిగినప్పుడు ఆవిడ అడిగిన మాట నాకిప్పటికీ వినబడుతుంది. “ఇంతకీ జీలకర్ర బెల్లం అయిందా?”

అయింది. మేళం గట్టిగా వాయించారు కూడా. కానీ అది అయిందన్న సంగతి హాల్లో సగం మందికి తెలియలేదు. మన పెళ్ళిలో సుముహూర్తం అంటే అడ్డుతెరకు అటూ ఇటూ కూర్చున్న ఇద్దరూ ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం పెట్టే ఆ క్షణం. పంచాంగంలో ఘడియలు లెక్కకట్టి పెట్టేది దానికే. తాళి ఆ తరువాత. అలంకరణ వాళ్ళ దగ్గర మాత్రం పైనుంచి పూలు రాలే యంత్రం తాళికి సిద్ధంగా ఉంటుంది. తెర వెనుక జరిగేది ఫోటోలో సరిగా పడదు కాబట్టి దానికి ఏర్పాటేమీ ఉండదు. మర్నాడు ఉదయం మండపం వెనక్కి వెళితే ఆ పూలగోడ ముక్కలుగా పడి ఉంది. పూలు గుచ్చిన ఆకుపచ్చని స్పాంజి ఇటుకలు గుట్టగా పోశారు. అది ప్లాస్టిక్ నురగ, మట్టిలో కలవదు. పూలు అప్పటికే వాడాయి.

ఆ మరుసటి సంవత్సరమే కరోనా వచ్చింది. పెళ్ళికి 50 మంది మించకూడదన్నారు. మా తమ్ముడి కొడుకు పెళ్ళి ఊళ్ళో ఇంటి వాకిట్లో చేశాం. డెకరేషన్ వాళ్ళు రారు, వంటవాళ్ళు రారు, పువ్వులు దొరకవు. ఎవరికి ఏం జరుగుతుందోనన్న భయం ఒకటి. దాన్ని గొప్ప పెళ్ళి అనను. పిలవలేకపోయినవాళ్ళ లెక్క ఇప్పటికీ తేలలేదు. కానీ ఎవరేం చేశారో ఆ పెళ్ళిలో ప్రతిదీ నాకు గుర్తుంది. కొబ్బరాకులు అల్లింది మా మరదలి తమ్ముడు. అడ్డుతెరగా పట్టుకున్నది మా అమ్మ పట్టుపంచె. పట్టుకున్నవాళ్ళిద్దరికీ ఎత్తులో తేడా వల్ల అది ఏటవాలుగా ఉండి, పెళ్ళికూతురి సగం మొహం ముందే కనబడిపోయింది. 2019 పెళ్ళి గుర్తు రావాలంటే ఆల్బమ్ తియ్యాలి. 2020 పెళ్ళికి ఆ అవసరం రాలేదు.

అమ్మాయి పెళ్ళి కుదిరాక ఈ రెండు పెళ్ళిళ్ళూ నా మనసులో పెట్టుకుని, నేనొక తప్పు చేశాను. “అవన్నీ ఎందుకు, పల్లెటూరి థీమ్ పెట్టుకుందాం” అన్నాను. ఈవెంట్ అబ్బాయి సంబరంగా పేజీ తిప్పాడు. ఏసీ హాల్లో తాటాకు గుడిసె. ఎద్దులు లేని ఎడ్లబండి. రంగులు పూసిన కుండలు, బోర్లించిన గంపలు, గోడకు ఆనించిన నాగలి. ధర లక్షన్నర.

అమ్మాయి ఆ సాయంత్రం తీరిగ్గా అంది: “అమ్మా, నువ్వు పుట్టింది తాటాకింట్లో. దాంట్లోంచి బయటపడడానికి తాతయ్య ఎంత కష్టపడ్డాడో నువ్వే వెయ్యిసార్లు చెప్పావు. ఇప్పుడు లక్షన్నర ఇచ్చి మళ్ళీ గుడిసె వేయిస్తావా?”

నా దగ్గర సమాధానం లేదు. సంప్రదాయం అనే మాట పలికినంత మాత్రాన ఏదో మెట్టు పైన నిలబడ్డామనుకుంటాం. లేత గులాబీ పందిరి ఎంత నాటకమో, ఎడ్లు లేని బండి అంతకు రెండింతలు. కనీసం గులాబీ పందిరి తాను గులాబీ పందిరినని ఒప్పుకుంటుంది.

అంతటితో ఆగలేదు మా పిల్ల. “పాత పెళ్ళిళ్ళలో అందరూ తలో పని చేసేవాళ్ళు అంటావు కదా, ఆ పని ఎవరు చేశారో కూడా చెప్పు. నీ పెళ్ళిలో పిన్ని ముహూర్తం చూసిందా?” అంది. చూడలేదు. మా చెల్లెలు ఆ వేళకు పెరట్లో పప్పు రుబ్బిస్తూ ఉంది. నా పెళ్ళి ఫోటోలు మొత్తం వెతికినా అది ఒక్కదాంట్లోనే ఉంది, అదీ కొంగు నడుముకు చెక్కి చెమట తుడుచుకుంటూ. ఈవెంట్ వాళ్ళు వచ్చి ఆడవాళ్ళను పొయ్యి దగ్గరనుంచి లేపారన్న సంగతి నాలాంటివాళ్ళు వ్యాసాలు రాసేటప్పుడు మరిచిపోతారు. వాళ్ళకు ఆ పుణ్యం రాసిపెట్టాలి.

కనుక నా వాదన వెనక్కి వెళ్ళమని కాదు. థీమ్ అన్న ప్రశ్నను వరసలో మొదట పెట్టడమే తప్పు, చిట్టచివర పెట్టాలి అంటాను. ముందు వేళ, తరువాత ఎవరికి ఏ పని, ఆ తరువాత ఎవరు ఎక్కడ కూర్చుంటారు. ఈ మూడూ తేలితే రంగు, పువ్వు, పందిరి దాదాపు వాటంతటవే తేలుతాయి. వీటికి ముందే రంగు ఎంచుకుంటే పెళ్ళిని ఆ రంగుకు కత్తిరించుకోవలసి వస్తుంది.

మా ముహూర్తం మాఘమాసంలో తెల్లవారుజామున 4 గంటల 18 నిమిషాలకు పడింది. వినగానే అమ్మాయి మొహం వాడింది, నాకు మాత్రం సగం బరువు దిగింది. ఆ వేళకు సూర్యుడు ఉండడు. టాబ్లెట్‌లో చూసిన అందమంతా సాయంత్రపు ఎండలో తీసింది. రాత్రి దీపాల కింద లేత రంగు పాలిపోతుంది, దంతపు రంగు దుమ్ము పట్టినట్టుంటుంది. చీకట్లో నిలబడేవి ఎరుపు, పసుపు, ముదురాకుపచ్చ. మన పెద్దవాళ్ళు అర్ధరాత్రి ముహూర్తాలకు అరటిబోదెలు, మామిడి తోరణాలు, బంతిపూలు వాడినది సౌందర్యశాస్త్రం చదువుకుని కాదు, దివిటీ వెలుగులో కనబడేవి అవే. మాఘమాసం కాబట్టి మల్లెలు అడగకూడదు, చామంతులు అడగాలి. మాది రాజమండ్రి. కడియం పూలమార్కెట్ పక్కనే పెట్టుకుని ఎక్కడినుంచో ఐసుపెట్టెల్లో వచ్చే పూలకోసం ఎదురుచూడడం నాకు ఎంత ఆలోచించినా అర్థం కాలేదు. తెల్లవారుజాము చలి కూడా లెక్కలోకి వచ్చింది. పెద్దవాళ్ళకు శాలువాలు, వేడిపాలు, దగ్గరలో మరుగుదొడ్డి. ఏ థీమ్ పుస్తకంలోనూ మరుగుదొడ్డి ఫోటో లేదు, వచ్చినవాళ్ళు మాత్రం పదేళ్ళయినా చెప్పుకునేది దాని గురించే.

రెండోది పనులు. మన తంతును పనుల జాబితాగా చదివి చూడండి. మండపానికి పెళ్ళికూతుర్ని గంపలో మోసుకొచ్చేది మేనమామలు. కాశీయాత్రకు బయలుదేరిన పెళ్ళికొడుకును గొడుగు, చెప్పులు ఇచ్చి వెనక్కి తిప్పేది బావమరిది. లాజహోమంలో పెళ్ళికూతురి దోసిట్లో పేలాలు పోసేదీ అతనే. కొంగులు ముడివేసేది ఆడపడుచు. తెర పట్టుకోవడానికి ఇద్దరు కావాలి. ఇంతమందికి పని చెప్పే వేడుక ఇంకొకటి నాకు కనబడదు. థీమ్ పెళ్ళిలో చుట్టానికి మిగిలిన పని ఒక్కటే: చెప్పిన రంగు బట్ట కట్టుకుని రావడం.

ఈ మాట మీద వెతుకుతుంటే జవాబు మా ఊరి పక్కనే దొరికింది. రాజమండ్రికి దగ్గర్లో కోరుకొండ ఉంది. అక్కడి భక్తులు ప్రతి సంవత్సరం వరి పండించి, ఆ వడ్లను రోట్లో దంచకుండా, మిల్లు పట్టించకుండా, గోళ్ళతో ఒక్కొక్క గింజే ఒలిచి, ఆ బియ్యాన్ని శ్రీరామనవమికి భద్రాచలం పంపుతారు. గోటి తలంబ్రాలు. అక్షతలంటేనే విరగనివి. గోటితో ఒలిస్తే నూక ఉండదు. వేలాదిమంది చేతులు దాని మీద పనిచేస్తాయి. భద్రాద్రి రాముడి పెళ్ళికి ప్రభుత్వం పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు సమర్పిస్తుంది. గులాల్ కలిపిన ఆ ఎర్రటి తలంబ్రాలు నాలుగు గింజలు దొరికితే చాలని జనం ఎగబడతారు. ఒక పెళ్ళికి ఇంతకంటే పెద్ద శైలి ఏముంటుందో నాకు తెలియదు. దాంట్లో ఖర్చు వడ్లు, ఓపిక.

వాట్సాప్ గుంపులో నేనే రాశాను: తలా గుప్పెడు వడ్లు ఒలిచి పంపండి. మొదటిరోజు నవ్వుకునే బొమ్మలు తప్ప జవాబు లేదు. మా అమ్మ కూర్చుని ఒలవడం మొదలుపెట్టిన వీడియో అమ్మాయి పెట్టాక కదిలారు. హైదరాబాదులో మా మేనకోడలు ఆఫీసు ఫోన్లలో మాట్లాడుతూ ఒలిచిందట. డాలస్‌లో ఉన్న మా బావగారి కొడుక్కి వడ్లు దొరకలేదు, వాడి వంతు వాళ్ళమ్మ ఒలిచింది. పిల్లలు పళ్ళతో కొరికారు, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. రెండు నెలలకు అన్నీ కలిపితే మూడు సోలలు అయ్యాయి. మిగతాది మామూలు బియ్యమే కలిపాం. ఎవరు ఒలిచిన గింజ ఎవరి నెత్తిన పడిందో తెలియదు. కానీ తలంబ్రాల సమయంలో ఎవరూ ఫోను చూసుకోలేదు. తమ గుప్పెడు పడుతుందా లేదా అని చూశారు.

అబ్బాయివాళ్ళది హనుమకొండ. వాళ్ళ ఇంట్లో పెళ్ళికి ముందు మైలపోలు అనే తంతు తీస్తారు, ఐరేని కుండలని పెళ్ళికుండలు తెస్తారు, మా ఇంటి పద్ధతులు కొన్ని వాళ్ళకు కొత్త. “వదినగారూ, మీది మీరు, మాది మేము, కలిసేచోట కలుద్దాం” అన్నారు మా వియ్యపురాలు. ఇంతకంటే మంచి డిజైన్ సూత్రం ఏ ఈవెంట్ సంస్థా చెప్పలేదు. కుండలు ఫోటో కోసం వరసగా పేర్చలేదు. ఎక్కడ పెట్టాలో అక్కడ, ఎప్పుడు ముట్టాలో అప్పుడు. పెళ్ళయ్యాక అమ్మాయి ఒడిలో పోసిన ఒడిబియ్యం దగ్గర మాత్రం మా వాళ్ళందరూ చుట్టూ మూగి, తెలియని పెళ్ళిని చూసినట్టు చూశారు.

మూడోది, కూర్చునే చోటు. ఇక్కడే అసలు యుద్ధం జరిగింది. స్టేజీ వద్దన్నాను. హాలు మధ్యలో జానెడెత్తు అరుగు, దాని మీద పందిరి, చుట్టూ మూడు వైపుల కుర్చీలు. స్టేజీ ఉంటే వధూవరులు జనం వైపు, అంటే కెమెరా వైపు తిరిగి కూర్చోవాలి. పంతులుగారు చెప్పేది వరుడు తూర్పు ముఖం, తెరకు అవతల వధువు పడమటి ముఖం అని. చాలా హాళ్ళలో దిక్కులు స్టేజీకి అనుగుణంగా సర్దుకుంటాయి. ఇది నాకు భక్తి సమస్య కాదు. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరిని పక్కనుంచి చూస్తే ఇద్దరూ కనబడతారు, తెర దిగగానే ఒకరినొకరు చూసుకునే చూపు కనబడుతుంది. నాటకంలా ఎదురుగా చూస్తే తెర గుడ్డే కనబడుతుంది.

ఈవెంట్ అబ్బాయి నిజాయితీగా చెప్పాడు. “మేడమ్, వెనక గోడ లేకపోతే ఫోటోల్లో అందరి కుర్చీలూ పడతాయి.” పడనీ బాబూ, కుర్చీల్లో మనుషులు ఉంటారు కదా అన్నాను. ఫోటోగ్రాఫర్ మరింత అలిగాడు. ఇద్దరికి మించి అరుగు ఎక్కకూడదు, మిగతావాళ్ళు కూర్చుని తియ్యాలి అన్నందుకు. మా ఆడపడుచుల్లో ఒకావిడ “స్టేజీ కూడా వెయ్యలేకపోయారా, చెప్పి ఉంటే సర్దేవాళ్ళం కదా” అని నిజంగానే జాలిపడింది.

మైకు పంతులుగారికి ఇచ్చాం. ఒక్కో ఘట్టానికి ముందు తెలుగులో రెండు వాక్యాలు చెప్పమని బతిమాలాం. మొదట మొహం చిట్లించారు, తరువాత ఆయనకే రుచి పట్టి రెండు వాక్యాలు ఇరవై అయ్యాయి. త్రిపురనేని రామస్వామి చౌదరిగారు పెళ్ళి తంతును తెలుగులోకి తెచ్చి స్వయంగా పెళ్ళిళ్ళు జరిపించారని నేను చెప్పబోతే, “ఆయన మంత్రాలు తీసేశారమ్మా, నేను తియ్యను” అన్నారు. సరే, తియ్యవద్దు, చెప్పండి చాలు.

ఆ చెప్పడం వల్ల ఒక మంచి జరిగింది. సప్తపదికి జనం మిగిలారు. మామూలుగా ఏమవుతుంది? తాళి పడగానే అక్షతలు వేసి, వరస కట్టి, ఫోటో దిగి భోజనాలకు వెళ్ళిపోతారు. 1955 నాటి హిందూ వివాహ చట్టం ఏడో సెక్షను, సప్తపది ఆచారం ఉన్నవాళ్ళకు ఏడో అడుగుతోనే వివాహం పూర్తవుతుందంటుంది. హిందూ వివాహం ఆటపాటలకు, విందు వినోదాలకు జరిపే కార్యక్రమం కాదని, అవసరమైన తంతు జరగకపోతే చెల్లదని 2024లో సుప్రీంకోర్టు కూడా గుర్తుచేసింది. చట్టం ఎదురుచూసే ఆ ఏడో అడుగు పడేవేళకు మన అతిథులు పెరుగన్నంలో ఉంటారు. మా పెళ్ళిలో నలభైమంది దాకా ఉండిపోయారు. తెల్లవారుజామున ఇంకా టిఫిన్లు పెట్టలేదన్నది కూడా ఒక కారణమని ఒప్పుకుంటాను.

అన్నీ బాగా జరిగాయని చెప్పను. హోమం హాలు మధ్యకు వచ్చేసరికి పొగ కూడా మధ్యకు వచ్చింది. ముందు వరసలోవాళ్ళు కళ్ళు తుడుచుకుంటుంటే వెనకవాళ్ళు, పాపం, ఎంత కదిలిపోయారో అనుకున్నారట. పంకాలు వేస్తే అగ్ని ఆరుతుంది, ఆపితే పొగ. ఇది నేను ముందు ఆలోచించవలసింది.

ఇక చెప్పడానికి జంకుతున్న విషయం ఒకటుంది. పెళ్ళికి అయిదు రోజుల ముందు పసుపు దంచారు. రోలు, రోకలి, మామిడాకులు, ముత్తయిదువులు. మా అమ్మ లేచి నిశ్శబ్దంగా వంటింట్లోకి వెళ్ళిపోయింది. మా నాన్న పోయి పదకొండేళ్ళు. ఈ పదకొండేళ్ళలో ఇంట్లో ఎన్ని శుభాలు జరిగినా ఆవిడ ఇలాగే లేచి వెళ్ళింది, మేమెవరమూ ఆపలేదు. 2019లో ఆవిడ పన్నెండో వరసలో కూర్చున్నది కూడా కుర్చీలు దొరక్క కాదు. ఇంతసేపూ నేను ఫోటోగ్రాఫర్లను తిట్టాను కానీ, ఆ వరసలో కూర్చోబెట్టింది వాళ్ళు కాదు.

అమ్మాయి రోకలి కింద పెట్టింది. “అమ్మమ్మ మొదటి పోటు వెయ్యకపోతే నాకు నలుగు వద్దు.” ఇంట్లో నిశ్శబ్దం. మా పెద్దత్తగారు “శుభమా అని జరుగుతుంటే ఇదేమి పట్టుదలే” అన్నారు. అందరికంటే ఎక్కువ కోప్పడింది మా అమ్మే. వంటింట్లోంచి రానంది. “నీ మంచికే చెప్తున్నానే, నాకు భయం” అంది. ఆ భయం నిజమైనది, దాన్ని వెటకారం చెయ్యలేను.

1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం తీవ్రమైన వ్యతిరేకత మధ్య తెలుగునాట మొదటి వితంతు వివాహం జరిపించింది ఈ రాజమండ్రిలోనే. ఆయన ఇల్లు ఇప్పటికీ ఈ ఊళ్ళో ఉంది. పిల్లల్ని చిన్నప్పుడు అక్కడికి చూడ్డానికి తీసుకువెళ్ళాను. ఇంటికి వచ్చి మా అమ్మను పన్నెండో వరసలో కూర్చోబెట్టాను. టాబ్లెట్‌లోని నలభై ఫోటోల్లోనూ లేని ప్రశ్న ఇది. నేను వేసుకున్న మూడు ప్రశ్నల్లో కూడా మొదట లేదు.

అరగంట పట్టింది. చివరికి మా వియ్యపురాలు ఫోనులో మాట్లాడింది. ఏం చెప్పిందో మా అమ్మ ఇప్పటికీ చెప్పదు. వచ్చి, మొహం గంటు పెట్టుకునే, ఒక్క పోటు వేసింది. రెండోది గట్టిగా వేసింది. పెళ్ళిరోజు అరుగు పక్కనే కుర్చీ. పొగంతా ఆవిడకే తగిలింది.

ఆ రోజు ఆవిడ కట్టుకున్నది ట్రంకులోంచి తీసిన ఉల్లిపొర రంగు చీర. డెకరేషన్ అబ్బాయి చూసి, మేము చివరికి ఆయన చెప్పిన రంగే ఎంచుకున్నామని సంతోషించాడు. నేను సరిదిద్దలేదు. ఆయన వేసిన దీపాలు నిజంగా బాగున్నాయి. జనరేటరు ఒక్కసారి కూడా ఆగలేదు. మొదట చెప్పిన ధరలో సగం కంటే తక్కువ తీసుకున్నాడు, మేము వద్దన్నవన్నీ తీసేశాక మిగిలింది అంతే.

మొన్న మా మరిది కొడుకు ఫోను చేశాడు. పెళ్ళి విశాఖపట్నంలో సముద్రపు ఒడ్డున చేసుకుంటారట, ఇద్దరికీ అదే కోరిక. “పెద్దమ్మా, థీమ్ తెలుపు, నీలం. ఎలా ఉంటుందంటావు?” అని అడిగాడు. రంగుల సంగతి తరువాత, ముహూర్తం ఎన్నింటికిరా అన్నాను. రాత్రి 9 గంటల 40 నిమిషాలకట. ఆ వేళకు గాలి ఎటునుంచి వీస్తుంది, అగ్నిహోత్రం ఎటు పెడతారు, ఇసుకలో మీ నానమ్మ కుర్చీ దిగబడకుండా ఏం వేస్తారు అని అడుగుతూ పోయాను. వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, “అడ్డుతెర గాలికి ఎగిరిపోదా?” అన్నాడు తనంతట తానే.

ఎగిరిపోతుంది. పట్టుకునేవాళ్ళు గట్టివాళ్ళయి ఉండాలి. ఎత్తు కూడా సమంగా ఉన్న ఇద్దరు అన్నదమ్ములు మా అల్లుడి హనుమకొండ చుట్టాల్లో ఉన్నారని చెప్పాను. నంబర్లు పంపమన్నాడు.